పరిశ్రమ అనుభవం అడిగే క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ఉద్యోగానికి కాలేజీ ల్యాబ్ అసిస్టెంటు వెళ్ళవచ్చా?

ప్రశ్న (నర్సంపేట, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ)

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. పదో తరగతి వరకు ఊళ్ళోని సర్కారు బడిలో తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఆ తరువాత హన్మకొండలో డిగ్రీ, కాకతీయ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, రెండేళ్ళుగా ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నెల క్రితం హైదరాబాదు దగ్గరి పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక మందుల కంపెనీవారు క్వాలిటీ కంట్రోల్ విభాగంలో కెమిస్టులు కావాలని ప్రకటన ఇస్తే, ఎలాగూ పిలవరులే అనుకుంటూనే దరఖాస్తు పంపాను. నిన్న మధ్యాహ్నం ప్రాక్టికల్స్ జరుగుతుండగా ఫోన్ వచ్చింది. వచ్చే వారం శనివారం ఇంటర్వ్యూకు రమ్మన్నారు. నా చేతిలో ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఫోన్ పెట్టేసిన నిమిషం నుంచి నాకు సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. ప్రకటనలో ఒకటి నుంచి మూడేళ్ళ అనుభవం, ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ, ఆవిరి రూపంలో అదే పని చేసే జీసీ అనే యంత్రాలు, మందు ఎంతకాలం చెడకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ పరీక్షలు, మందుల తయారీ నియమాలైన జీఎంపీ తెలిసి ఉండాలని రాశారు. హెచ్‌పీఎల్‌సీని నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు సమయంలో హైదరాబాదులోని ఒక ల్యాబులో మూడు రోజులు దగ్గరి నుంచి చూశాను. శాంపిల్ ఇంజెక్ట్ చేయడం నా చేత రెండుసార్లు చేయించారు, అంతే. జీసీని పుస్తకంలో బొమ్మగా తప్ప చూడలేదు. స్టెబిలిటీ అంటే ఏమి చేస్తారో పైపైన తెలుసు. నేను రోజూ చేసే పని ఏమిటంటే, మూడు బ్యాచుల విద్యార్థులకు కావలసిన ద్రావణాలు తయారుచేయడం, వాటి గాఢత సరిచూడడం, సీసాల మీద పేరు, గాఢత, తయారుచేసిన తేదీ రాసి అంటించడం, తరాజునూ పీహెచ్ మీటరునూ చూసుకోవడం, స్టాకు రిజిస్టరు రాయడం. దీన్ని అనుభవం అని చెప్పుకుంటే నవ్వుతారేమోనని నా సంకోచం.

నాతో చదివిన ఒక స్నేహితురాలు, హైదరాబాదులో కొంత డబ్బు తీసుకుని ఏడాది అనుభవం ఉన్నట్టు కాగితం ఇచ్చేవాళ్ళున్నారనీ, అందరూ అదే చేస్తున్నారనీ, నేనొక్కదాన్నే నిజం చెప్పి నష్టపోతాననీ అంటోంది. అలా చేయడానికి మనసు ఒప్పడం లేదు, అయితే అర్హత లేకుండా వెళ్ళి వాళ్ళ సమయం వృథా చేసిన దాన్ని అవుతానేమోనని కూడా బెంగగా ఉంది. మా నాన్న మిర్చి ఏరించే పని వదిలిపెట్టి నాతో వస్తానంటున్నాడు. ఈ రంగంలో ఉన్నవారు, ఇంటర్వ్యూలు చేసినవారు ఎవరైనా ఉంటే, నేను వెళ్ళవచ్చా లేదా, వెళితే ఈ పన్నెండు రోజుల్లో ఏమి చదవాలి, అనుభవం గురించి అడిగితే ఏమి చెప్పాలి అన్నది దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం 1 (పరకాల, ప్రస్తుతం పటాన్‌చెరు)

మీరు తప్పకుండా వెళ్ళండి. నేను పదకొండేళ్ళుగా క్యూసీలో ఉన్నాను, గత నాలుగేళ్ళుగా కొత్తవారిని తీసుకునేటప్పుడు అడిగేవారి వైపు కూర్చుంటున్నాను. మీ బయోడేటాలో కాలేజీ ల్యాబ్ అని స్పష్టంగా రాసి ఉండగానే పిలిచారంటే, ఆ సంగతి తెలిసే పిలిచారన్నమాట. ప్రకటనలో రాసే అనుభవం మేము దొరికితే బాగుండునని కోరుకునేది. అచ్చంగా దానికి సరిపోయేవారు ప్రతిసారీ దొరకరు కాబట్టి, కొన్ని నెలల్లో పని పట్టుకోగలరనిపించిన వారిని కూడా పిలిచి మాట్లాడతాం. వాళ్ళ సమయం వృథా అవుతుందన్న ఆలోచన మీకు అక్కరలేదు. ఆ లెక్క వాళ్ళు చూసుకున్నారు.

ఇంటర్వ్యూ నిజంగా ఎలా జరుగుతుందో చెబితే మీ భయం కొంత తగ్గుతుంది. మీ నాన్నగారు వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే మనిషే అయి ఉంటారు. అక్కడ కొనేవాడు బస్తా పైన కనిపించే కాయలను చూసి ధర కట్టడు, చేయి లోపలికి పోనిచ్చి అడుగు నుంచి నాలుగు కాయలు తీసి, విరిచి, గింజ చూసి, వాసన చూసి మాట్లాడతాడు. మేమూ అదే చేస్తాం. మీ కాగితంలో ఉన్న ఏదో ఒక మాటను పట్టుకుని, దాని కింద ఒక ప్రశ్న, దాని కింద ఇంకొక ప్రశ్న వేసుకుంటూ పోతాం. పది యంత్రాల పేర్లు రాసి ఒక్కదాని లోతూ చెప్పలేని వారి కంటే, రెండు పనులు రాసి ఆ రెండింటి అడుగు దాకా చెప్పగలిగినవారు మాకు కావాలి. కాబట్టి మీ చేతికి తెలియని మాటలేవైనా బయోడేటాలో ఉంటే ఇప్పుడే తీసివేయండి, ఇంటర్వ్యూనాడు కొత్త ప్రతి ఇవ్వండి.

ఇప్పుడు మీ రోజువారీ పని సంగతి. మీరు సంకోచపడుతున్న ఆ పనినే మా ల్యాబులో వాల్యూమెట్రిక్ సొల్యూషన్ల తయారీ, స్టాండర్డైజేషన్ అంటారు, దానికి విడిగా ఒక రిజిస్టరు ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం తయారుచేస్తానని మీరు అన్నారనుకోండి. 0.1 మోలార్ లీటరు కావాలంటే ఎంత తూచుతారు అని అడుగుతారు. సుమారు 4 గ్రాములని మీరు చెబుతారు. అంత కచ్చితంగా తూచినప్పుడు మళ్ళీ గాఢత సరిచూడడం ఎందుకు అన్నది అసలు ప్రశ్న. అది గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడునూ పీల్చుకుంటుంది కాబట్టి తరాజు చూపించిన బరువంతా సోడియం హైడ్రాక్సైడ్ కాదు, అందుకే ఎండబెట్టిన పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో సరిచూడాలి అని మీరు చెప్పగలగాలి. అప్పుడు లెక్క అడుగుతారు: ఆ థాలేట్ 510 మిల్లీగ్రాములు తూచి కరిగిస్తే, ఫినాఫ్తలీన్ లేత గులాబి రంగు నిలిచే వేళకు బ్యూరెట్‌లో 25 మిల్లీలీటర్లు ఖర్చయిందనుకుందాం. 510ని, థాలేట్ అణుభారమైన 204.22ను 25తో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగిస్తే 0.0999 మోలార్ వస్తుంది. ఇది కాగితం మీద, ఎదురుగా ఇద్దరు చూస్తుండగా, చేయి వణకకుండా చేయగలిగేలా సాధన చేయండి. ఆ ద్రావణాన్ని గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో ఎందుకు ఉంచుతాం, నీటిని మరిగించి చల్లార్చి ఎందుకు వాడతాం, ఈ చిన్న ప్రశ్నలు కూడా వస్తాయి. పీహెచ్ మీటరు గురించి అడిగితే పీహెచ్ ముందే తెలిసిన 4, 7, 10 బఫర్ ద్రావణాలతో ఎలా క్యాలిబ్రేట్ చేస్తారో, బఫర్ సీసా తెరిచిన తేదీ ఎందుకు రాస్తారో చెప్పండి. మూడేళ్ళ అనుభవం రాసుకుని వచ్చినవారు కూడా ఇక్కడ తడబడడం నేను చాలాసార్లు చూశాను. ఎందుకంటే పెద్ద ల్యాబుల్లో ఈ ద్రావణాలు వేరేవారు తయారుచేసి పెడతారు, వాళ్ళు తీసుకుని వాడుతూ ఉంటారు.

హెచ్‌పీఎల్‌సీ దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పండి: మూడు రోజులు చూశాను, రెండుసార్లు ఇంజెక్ట్ చేశాను. ఆ రెండు ఇంజెక్షన్ల వెనక ఉన్నదంతా చదువుకుని వెళ్ళండి. మొబైల్ ఫేజ్ (శాంపిల్‌ను మోసుకెళ్ళే ద్రవం) సీసా నుంచి పంపు, పంపు నుంచి ఇంజెక్టర్, అక్కడి నుంచి కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం), ఆపైన డిటెక్టర్, చివరికి తెర మీద శిఖరంలా కనిపించే పీకు, ఈ దారిని ఒక తెల్ల కాగితం మీద గీసి, ప్రతి చోటా అక్కడ ఏమి జరుగుతుంది, అది లేకపోతే ఏమవుతుంది అని మీకు మీరే ప్రశ్నించుకోండి. మొబైల్ ఫేజ్‌ను 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టకపోతే నలకలు కాలమ్ నోటిని మూసేసి ప్రెషర్ పెరుగుతుంది. అందులోని గాలి తీసివేయకపోతే పంపులో బుడగలు చేరి ప్రెషర్ ఊగిసలాడుతుంది, బేస్‌లైను చెదురుతుంది. సీ18 రకం కాలమ్‌లో నీటిని ఇష్టపడే పదార్థం ముందు బయటికి వస్తుంది, కొవ్వు స్వభావం ఉన్నది ఆలస్యంగా వస్తుంది, దానికి కారణం చెప్పగలగాలి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఫాస్ఫేట్ బఫర్‌తో రోజంతా నడిపిన కాలమ్‌లోకి సాయంత్రం నేరుగా అసిటోనైట్రైల్ పంపితే ఏమవుతుంది? ఆ లవణం అసిటోనైట్రైల్‌లో కరగదు కాబట్టి కాలమ్ లోపలే గట్టిపడి పేరుకుపోతుంది. అందుకే ముందు నీటి పాలు ఎక్కువగా ఉన్న ద్రవంతో కడిగి, ఆ తరువాతే ఆర్గానిక్ ద్రావణిని పెంచాలి. ఈ ఒక్క జవాబులో రసాయన శాస్త్రం ఎంత అర్థమైందో తెలిసిపోతుంది, దానికి యంత్రం మీద ఏళ్ళ తరబడి కూర్చొని ఉండనక్కరలేదు. సిస్టమ్ సూటబిలిటీ అన్న మాటకు అర్థం తెలుసుకోండి: శాంపిల్ పెట్టే ముందు, గాఢత ముందే తెలిసిన స్టాండర్డు ద్రావణాన్ని ఐదారుసార్లు ఇంజెక్ట్ చేసి, ప్రతిసారీ దాదాపు ఒకే ఫలితం వస్తోందా, పీకు తోక సాగకుండా ఉందా అని యంత్రాన్నే పరీక్షించడం.

జీసీని చూడలేదని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోండి. ఆవిరయ్యే పదార్థాలకు, ముఖ్యంగా మందులో మిగిలిపోయిన సాల్వెంట్లను కొలవడానికి వాడతారని మాత్రం తెలిసి ఉంటే చాలు. స్టెబిలిటీలో 40 డిగ్రీలు, 75 శాతం తేమ వద్ద ఆరు నెలలు ఉంచి చూసేదాన్ని యాక్సిలరేటెడ్ అంటారని గుర్తుంచుకోండి.

మీ స్నేహితురాలు చెప్పిన కాగితం విషయం. క్యూసీలో మేము చేసే పని అంతా చివరికి ఒక సంతకం. ఈ మాత్రలో మందు ఇంత ఉంది అని మేము రాసిన కాగితాన్ని నమ్మి క్వాలిటీ అష్యూరెన్సువారు బ్యాచ్‌ను బయటికి వదులుతారు, దాన్ని నమ్మి ఎక్కడో ఒక ముసలాయన ఆ మాత్ర వేసుకుంటాడు. అందుకే డేటా ఇంటెగ్రిటీ, అంటే రికార్డుల నిజాయితీ గురించి మిమ్మల్ని తప్పక అడుగుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలో 2023 డిసెంబరు చివర నోటిఫై చేసిన సవరించిన మందుల తయారీ నియమాలు, అంటే షెడ్యూల్ ఎమ్‌ను కూడా ఒకసారి తిరగేయండి. ఏ రికార్డులోనైనా ఆ పని ఎవరు చేశారో తెలియాలి, చదవడానికి వీలుగా ఉండాలి, పని జరిగినప్పుడే రాసి ఉండాలి, మొదట రాసిన కాగితమే ఉండాలి, రాసింది నిజమై ఉండాలి. ఈ ఐదింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలను కలిపి ఆల్కోవా అంటారు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు; పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. ఇలాంటి పనికి మనిషిని ఎంచుకునేటప్పుడు, నాకు ఇది రాదు అని తడుముకోకుండా చెప్పే అమ్మాయి మాకు ఎంత విలువైనదో బయటివారికి తెలియదు. రాత్రి షిఫ్టులో ఒక్కతే ఉన్నప్పుడు ఫలితం పరిమితి దాటితే, ఆమె దాన్ని దాచదు, వెంటనే పైవారికి చెబుతుంది అన్న నమ్మకం ఆ ఒక్క మాటతో మాకు కలుగుతుంది.


సమాధానం 2 (భూపాలపల్లి)

చెల్లె, ఆ అనుభవ పత్రం గురించి నా జీవితంలో జరిగినది చెబుతాను, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. బీఎస్సీ అయ్యాక ఇంట్లో పరిస్థితి బాగాలేక, తెలిసినవారి ద్వారా పద్దెనిమిది నెలల అనుభవం ఉన్నట్టు ఒక చిన్న కంపెనీ పేరుతో కాగితం తెప్పించుకున్నాను. ఇంటర్వ్యూలో అడిగినవారు ఆ రోజు తొందరలో ఉన్నారు, నాకు ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నేను గెలిచానని అనుకున్నాను.

నాలుగో నెలలో హెచ్‌ఆర్ గదికి రమ్మన్నారు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి నేను ఇచ్చిన అనుభవ పత్రం, రెండోది నా పీఎఫ్ నంబరు (యూఏఎన్) మీద ఉన్న సర్వీసు వివరాలు. మొదటి కాగితంలో ఉన్న పద్దెనిమిది నెలలకు రెండో దానిలో ఒక్క వరుస కూడా లేదు. ఆ మేడమ్ గొంతు పెంచలేదు, ఏమయింది బాబూ అని మాత్రమే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ సాయంత్రమే గేటు పాసు తీసుకున్నారు. పని నాకు బాగానే వస్తోందని మా సూపర్‌వైజరు ఆ ముందు వారమే అన్నాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది, ఎందుకంటే నిజం చెప్పి ట్రెయినీగా చేరి ఉంటే అక్కడే ఉండిపోయేవాడిని.

అంతకంటే ఎక్కువగా బాధించింది ఆ నాలుగు నెలలు. ఎవరైనా నీ పాత కంపెనీలో ఇది ఎలా చేసేవారు అని మామూలుగా అడిగినా గుండె దడదడలాడేది. తెలియనిదాన్ని అడిగి నేర్చుకోవడానికి వీలు లేకుండా పోయింది. పద్దెనిమిది నెలలు చేసినవాడికి ఇది తెలియదా అంటారని భయం. కొత్తగా చేరినవాడికి అన్నిటికంటే పెద్ద సౌకర్యం అడగగలగడం, దాన్ని నేను డబ్బు ఇచ్చి పోగొట్టుకున్నాను. ఆ తరువాత ఏడాది మా ఊళ్ళో ఖాళీగా ఉండి, మళ్ళీ ఒక చోట జరిగినదంతా చెప్పి ట్రెయినీగా చేరాను. మీ స్నేహితురాలు చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు, అయితే ఆమెకు ఈ వైపు సంగతి తెలియదు. ఇప్పుడు చాలా కంపెనీలు చేరిక సమయంలోనే యూఏఎన్ అడుగుతున్నాయి.


ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య

ఇద్దరు అన్నలకూ కృతజ్ఞతలు. ఆ కాగితం ఆలోచన వదిలేశాను, బయోడేటాలో జీసీ అన్న మాట తీసివేశాను. సోడియం హైడ్రాక్సైడ్ లెక్క ఈ రోజు మూడుసార్లు చేశాను. అయితే నాకు ఇంకొక భయం ఉంది. ఈ విషయాలన్నీ తెలుగులో అడిగితే చెప్పగలను గానీ, ఇంగ్లీషులో అడిగేసరికి తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఆగిపోతుంది. రెండేళ్ళు కాలేజీలోనే ఎందుకు ఉండిపోయావు అని అడిగితే ఏమి చెప్పాలో కూడా తెలియడం లేదు. అసలు కారణం అమ్మకు ఆపరేషన్ అయి, నేను ఇంటికి దగ్గరలో ఉండవలసి రావడం.


సమాధానం 3 (కాజీపేట, విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు)

బిడ్డా, ముప్పై రెండేళ్ళు డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పాను, అందులో ఎక్కువమంది నీలాగే పల్లెల నుంచి తెలుగు మాధ్యమంలో వచ్చినవారే. నేను గమనించినది ఏమిటంటే, ఇంగ్లీషు రాదని అనుకునే పిల్లలకు కెమిస్ట్రీ మాటలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే వచ్చు. బ్యూరెట్, పిపెట్, టైట్రేషన్, ఎండ్ పాయింట్, ఇండికేటర్, బఫర్, ఇవి నీ నోట రోజూ పలికే మాటలు. నీకు కావలసింది వాటి మధ్య వచ్చే చిన్న క్రియాపదాలు: తూచాను, కరిగించాను, వడకట్టాను, చల్లార్చాను, గమనించాను, నమోదు చేశాను. ఇవి ఇరవైకి మించవు. వాటిని ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసుకుని, ఒక్కొక్కదానితో నీ పని గురించి ఒక్కొక్క చిన్న వాక్యం కట్టు. పెద్ద వాక్యం మొదలుపెట్టి మధ్యలో చిక్కుకుపోవడం కంటే, ఆరు మాటల వాక్యాలు నాలుగు వరుసగా చెప్పడం మేలు.

వాటిని మంచం మీద కూర్చొని చదవకు. రేపు ఉదయం విద్యార్థులు రాకముందు ల్యాబులోకి వెళ్ళి, బ్యూరెట్ చేతిలో పట్టుకుని, పని చేస్తూ పైకి చెప్పు. నీళ్ళ కాఠిన్యం చూసే ఈడీటీఏ టైట్రేషన్ పెట్టుకో. ద్రాక్షసారా ఎరుపులో ఉన్న ద్రావణం, చుక్క తరువాత చుక్క పడుతుండగా ఊదాగా మారి, ఇక ఒక్క చుక్కతో స్వచ్ఛమైన నీలం అవుతుంది చూడు, ఆ క్షణాన నీ చెయ్యి తానంతట తానే స్టాప్‌కాక్‌ను బిగిస్తుంది. ఆ చేతికి లేని భయం నోటికి మాత్రం ఎందుకు ఉండాలి? చేయి చేస్తున్నది నోరు చెబుతూ ఉంటే నాలుగు రోజుల్లో మాట దానంతటదే కదులుతుంది. ఫోనులో రికార్డు చేసుకుని ఒకసారి విను, ఎక్కడ ఆగిపోతున్నావో తెలుస్తుంది. తరువాత మొదటి సంవత్సరం పిల్లలను ఇద్దరిని నిలబెట్టి వాళ్ళకు చెప్పు, వాళ్ళు అడిగే ప్రశ్నలు కొన్నిసార్లు ఇంటర్వ్యూ ప్రశ్నల కంటే గట్టిగా ఉంటాయి.

అక్కడ మాట ఆగిపోతే, ఇది తెలుగులో చెప్పవచ్చునా అని మర్యాదగా అనుమతి అడుగు. అడగడంలో తప్పు లేదు. హైదరాబాదు చుట్టుపక్కల ప్లాంట్లలో తెలుగువారు చాలామంది ఉన్నారు, విషయం తెలిసినదా లేదా అన్నదే వారికి ముఖ్యం. మొదటి రెండు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పి తరువాత అడిగితే ప్రయత్నించావని వారికి అర్థమవుతుంది.

అమ్మగారి ఆపరేషన్ సంగతి ఒక్క వాక్యంలో చెప్పు: ఇంట్లో ఆరోగ్య సమస్య వల్ల దగ్గరలో పనిచేశాను, ఇప్పుడు అది తీరింది, దూరంగా వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాను. వివరాలు చెప్పుకుంటూ పోకు, క్షమాపణ అడుగుతున్న గొంతుతో అసలే చెప్పకు. ఆ వెంటనే ఈ రెండేళ్ళలో ఏమి చేశావో చెప్పడం మొదలుపెట్టు. షిఫ్టులు ఎలా ఉంటాయి, రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సు ఉందా, దగ్గరలో ఆడపిల్లల హాస్టళ్ళు ఉన్నాయా అన్నవి నువ్వు కూడా అడగాలి, నీ జీవితానికి సంబంధించిన ప్రశ్నలవి.

ప్రయాణం గురించి ఒక్క మాట. హన్మకొండ నుంచి హైదరాబాదు సుమారు 145 కిలోమీటర్లు, మన బస్సు దింపేది ఉప్పల్ వైపు. పాశమైలారం నగరానికి అవతలి కొసన, పటాన్‌చెరు దాటాక ఉంది. ఉదయం బయలుదేరి పది గంటలకు చేరతానని లెక్క వేయకు. శుక్రవారమే వెళ్ళి బంధువుల ఇంట్లోనో స్నేహితుల దగ్గరో ఉండు. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవారికిచ్చే ఉచిత జీరో టికెట్ కోసం ఆధార్ ఎలాగూ చేతిలో ఉంటుంది, దానితోపాటు పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా మెమోలు, ప్రొవిజనల్, మీ ప్రిన్సిపాల్ సంతకంతో నువ్వు చేస్తున్న పనిని వివరించే ఉత్తరం ఒకటి పెట్టుకో. ఆ ఉత్తరం చాలా ముఖ్యం. ల్యాబ్ అసిస్టెంటు అని రెండు మాటల్లో ఇవ్వనీయకు, ద్రావణాల తయారీ, స్టాండర్డైజేషన్, పరికరాల క్యాలిబ్రేషన్ అని రాయించుకో.


ప్రశ్న అడిగినవారి వ్యాఖ్య (ఇంటర్వ్యూ తరువాత)

అందరికీ మళ్ళీ నమస్కారం. నిన్న వెళ్ళి వచ్చాను. నాన్నను రావద్దని చెప్పి, శుక్రవారం సాయంత్రమే వెళ్ళి చిన్నమ్మ ఇంట్లో ఉన్నాను. లోపల ఇద్దరు సార్లు, ఒక హెచ్‌ఆర్ మేడమ్ ఉన్నారు. కూర్చోగానే పెద్ద సార్, నీకు ఇండస్ట్రీ అనుభవం లేదు కదా అన్నారు. లేదు సార్, కాలేజీ ల్యాబులో రెండేళ్ళు చేశాను అని ప్రిన్సిపాల్ ఉత్తరం ఇచ్చాను. ఆయన దాన్ని పూర్తిగా చదివారు. తరువాత సరిగ్గా ఇక్కడ చెప్పినట్టే, ఏ ద్రావణాలు తయారుచేస్తావు అని అక్కడి నుంచే మొదలుపెట్టారు. లెక్క కాగితం మీద చేయించారు. అంకెలు వేరే ఇచ్చారు, అయినా వచ్చింది. మధ్యలో ఒక అంకె తప్పు రాశాను, అలవాటుగా దాని మీదే దిద్దబోయి, గుర్తొచ్చి ఒక్క గీత కొట్టి పక్కన రాసి, తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాను. రెండో సార్ అది చూసి పెద్ద సార్‌కు చూపించారు. ఇద్దరూ ఏమీ అనలేదు.

హెచ్‌పీఎల్‌సీ దారి గీసి చూపించాను. బఫర్ ప్రశ్న అడిగారు, చెప్పాను. కడిగిన తరువాత కాలమ్‌ను దేనిలో నిలవ ఉంచుతావు అని అడిగితే, నీళ్ళలో అని తప్పు చెప్పాను. నీళ్ళలో ఉంచితే సూక్ష్మజీవులు పెరుగుతాయి కదా అని ఆయనే సరిదిద్దారు, నేను నా నోటుపుస్తకం తీసి వారి ముందే రాసుకున్నాను. జీసీలో ఏ డిటెక్టర్లు ఉంటాయన్నదానికి, నేను జీసీ చూడలేదు సార్, పేరు తెలుసు గానీ వివరించలేను అన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి రెండు చోట్ల తెలుగులోకి మారాను, అనుమతి అడిగాను, ఇచ్చారు. దాదాపు నలభై నిమిషాలు పట్టింది.

చివరికి మేడమ్, కెమిస్టుగా కాక ట్రెయినీగా తీసుకుంటే, ఆ జీతానికి ఆరు నెలలు చేయగలవా అని అడిగారు. చేస్తానన్నాను. షిఫ్టుల గురించి, బస్సు గురించి నేను అడిగాను. పటాన్‌చెరు దాకా కంపెనీ బస్సు ఉందన్నారు. వారం పది రోజుల్లో చెబుతామన్నారు. ట్రెయినీ అంటే ఆరు నెలల తరువాత తీసివేసే అవకాశం ఉంటుందా, ఆఫర్ లెటరులో నేను ఏమి చూసుకోవాలి?


సమాధానం 1 రాసినవారి వ్యాఖ్య

కాలమ్ జవాబు గురించి బాధపడకండి. సాధారణంగా అసిటోనైట్రైల్ లేదా మెథనాల్ పాలు ఎక్కువగా ఉన్న ద్రవంలో ఉంచి, రెండు కొసలకూ మూతలు బిగిస్తాం. వారి ముందే రాసుకోవడం చాలా మంచి పని చేశారు.

ఆఫర్ లెటర్ వస్తే మూడు విషయాలు చూడండి. ట్రెయినింగ్ కాలం ఎన్ని నెలలో, అది ముగిశాక ఏ హోదా ఇస్తారో రాసి ఉండాలి. మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలన్న బాండు ఉందా, ఉంటే ఎంత, ఎన్నేళ్ళకు అన్నది చదవకుండా సంతకం పెట్టవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. చూపించి, జిరాక్సులు ఇచ్చి, అసలువి వెనక్కి తెచ్చుకోండి. పీఎఫ్ మొదటి నెల నుంచే కడతారా అని కూడా అడగండి, ఎందుకంటే మీ అసలైన అనుభవం ఆ వరుసతోనే మొదలవుతుంది. ఉత్తరం చేతికి వచ్చాక అర్థం కాని వాక్యం ఏదైనా ఉంటే, కంపెనీ పేరు తీసివేసి ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.